తమ్ముడు వేసే చుక్క

చూపు తగ్గిన పెద్దవాళ్లకు కంటి ఆసుపత్రిలో పెట్టిన ఆరోగ్య పాఠం ముగిసింది. గదిలో పాఠం చెప్పిన నర్సు, ఒక పెద్దావిడ మిగిలారు.

"పెద్దమ్మా, నెల రోజులు రావాల్సిన చుక్కల మందు పదిహేను రోజులకే ఎలా అయిపోయింది?"

"చెయ్యి వణికి కారిపోయి ఉంటుంది."

"నా దగ్గరా మీ నాటకాలు? ఇందాక అందరిలోకీ మీరే చక్కగా వేసుకున్నారు. ఒక్క చుక్క బయట పడలేదు."

"నీ కళ్లు మహా చురుకమ్మాయ్. సాయంత్రం మందు వేయడానికి మా తమ్ముడు డ్యూటీ దిగి వస్తాడు. ఒకవేళ రాడేమోనని నేనే ముందు వేసుకుంటాను. వాడొచ్చి ఇంకో చుక్క వేస్తాడు."

"రోజూ రెండు చుక్కలా! కంటికి మంచిది కాదు. వేసుకున్నానని చెప్పొచ్చుగా?"

"చెబితే మర్నాటినుంచి ఎందుకొస్తాడు? పదకొండేళ్లు మా గడప తొక్కలేదు వాడు. నాకు చూపు పోతోందని తెలిశాకే వచ్చాడు."

"అయితే ఎనిమిదింటి దాకా ఆయన కోసం చూడండి. రాకపోతే మీరు వేసుకోండి. ఏదైనా ఒక్క చుక్కే."

"మందు చీటీలో నాకు వేసుకోవడం రాదనే రాస్తావా?"

"అబద్ధం రాయలేను. తమ్ముడు వేస్తున్నాడని రాస్తాను."

"నీ కడుపు చల్లగుండ. చుక్క వేశాక కంటి మూల వేలితో నొక్కి పట్టుకుంటాడమ్మా. అంతసేపూ ఏవో కబుర్లు చెబుతూనే ఉంటాడు."

"రెండు నిమిషాలు నొక్కితే చాలని పాఠంలో చెప్పాను కదా."

"విన్నాను. వాడికి మాత్రం పావుగంట అని చెప్పాను."