బారసాల బియ్యం

విదేశంలో, కానింగ్ వేల్ అనే పేటలో ఒక తెలుగువాళ్ల ఇంటి వంటగది. వసుంధర పొయ్యి మీద చారు పెట్టింది. ఆమె భర్త ద్వారకానాథ్‌కి కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే కాళ్లు ఆగడం లేదు. మధ్యాహ్నం రెండింటికి కోర్టు తరఫున ఆఫీసరమ్మ వస్తుంది. పక్కింటి ఆంటన్ తాత గురించి వసుంధర ఏం చెబితే అది రాసుకుని పోతుంది.

"ఒక్క మాట వసూ. ఆయనకేం గుర్తులేదండీ అను. అంతే. ఇంకేం అనొద్దు."

"ఆ కరివేపాకు ఇటివ్వండి."

"నే చెప్పేది వింటున్నావా?"

"వింటున్నా. కరివేపాకు."

"ఇదిగో, తీసుకో. కరివేపాకు, కొత్తిమీర, నా ప్రాణం, అన్నీ తీసుకో. ఆ మాటొక్కటి అంటానని చెప్పు."

"పొద్దుట్నించీ వందసార్లు చెప్పారు."

"నూటొకటోసారి చెప్తా. తొంభై తొమ్మిదేళ్ల మనిషి! బాత్రూమ్‌కెళ్లాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆయన్ని ఫ్లైటెక్కించి వాళ్ల దేశం తీసుకెళ్తారట. ఎనభయ్యేళ్ల కిందట యుద్ధంలో నాజీల దగ్గర కాపలా కాశావు, జనాన్ని చంపావు, పద కోర్టుకి అంటారట. ఇదేం న్యాయం?"

"న్యాయం సంగతి కోర్టు చూసుకుంటుంది."

"ఏం చూసుకుంటుంది! లాయర్ చెప్పాడు కదా. మనిషికి ఏదీ గుర్తులేదని తేలితే కేసే నిలవదు. డాక్టర్లేమో ఎటూ తేల్చలేకపోయారు. రోజూ వెళ్లి అన్నం పెట్టేది నువ్వు. అందుకని ఇప్పుడంతా నీ మాట మీదికొచ్చింది."

"నా మాట మీదికి తెమ్మని నేనడిగానా?"

"అడక్కపోయినా వచ్చింది! కాస్త మంట తగ్గించు, మాడిపోతోంది. మనమ్మాయి రోజాక్కూడా ఫోన్ చేశా. పక్కనుంటే నీకు ధైర్యంగా ఉంటుందని. హాఫ్ డే లీవ్ పెట్టి వస్తోంది."

"రుచితనెందుకు రమ్మన్నారు?"

"ఏం, రాకూడదా? ఆ తాత చేతుల్లో పెరిగిన పిల్ల."

"దాన్ని ఇందులోకి లాగొద్దు."

"ఎవరు లాగారు? తనే వస్తానంది. అవునూ, నాలుగు రోజుల్నించి చూస్తున్నా, రుచిత రుచిత అంటున్నావేంటి కొత్తగా? ఇరవై ఎనిమిదేళ్లలో ఇంట్లో ఎప్పుడన్నా అలా పిలిచామా? అది ఆఫీసులో పేరు, పాస్‌పోర్టులో పేరు."

"పెట్టుకున్న పేరేగా."

"పెట్టుకున్నది వేరు, పిలుచుకున్నది వేరు. నువ్వు జోల పాడింది ఏ పేరుతో? రోజాయని కాదూ?"

"జరగండి. పొంగుతోంది."

"పొంగనీ! నా వైపు చూసి మాట్లాడు."

"చూస్తే ఏముంది? కళ్లు ఎర్రగా ఉన్నాయి మీకు. రాత్రి పడుకోలేదు."

"ఎలా పడుకోను? ఆయనకి మాటిచ్చాను వసూ. జైల్లో పోనివ్వను తాతా, నీ మంచం మీద, మా చేతుల్లో పోతావు అన్నాను. మనం ఈ దేశం వచ్చిన కొత్తలో మనకి దిక్కెవరు? నేను మైన్స్‌లో, ఎక్కడో దూరాన కల్గూర్లీ సైట్లో. ఇక్కడ నువ్వొక్కదానివి, చంకలో పిల్ల. ఫిట్స్ వచ్చి కళ్లు తేలేస్తే, తన యూట్ ట్రక్కులో పడేసుకుని హాస్పిటల్‌కి పరిగెత్తిందెవరు?"

"తాతే."

"ఉయ్యాల చేసిచ్చిందెవరు? వడ్రంగం మానేసి పదేళ్లయినా, పనిముట్లు మళ్లీ బయటికి తీసి?"

"తాతే. నేనెప్పుడు కాదన్నాను?"

"వెయ్యి పున్నములు చూసిన మనిషని గుళ్లో హోమం చేయించాం. కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నాం. చల్లుకున్నామా లేదా?"

"చల్లుకున్నాం. కడిగింది నేనే."

"మరి?"

"ఏమండీ, మీరు ఇంజనీరు కదా. ఆరేళ్లు బతికితే ఎన్ని పున్నములు చూస్తారు?"

"డెబ్బై చిల్లర. ఎందుకు?"

"డెబ్బయ్యేనా."

"ఎవరి సంగతి?"

"ఊరికే అడిగాను."

"ఊరికే అడిగే మొహమా అది? వసూ, నన్ను చంపకు. ఆయన్ని ఇప్పుడు శిక్షిస్తే చచ్చిపోయినవాళ్లు లేచొస్తారా?"

"రారు. వదిలేస్తే వస్తారా?"

"అది కాదు..."

"ఒళ్లు ముడతలు పడితే పాపం కూడా ముసలిదైపోతుందా అండీ?"

"ఇదంతా ఎవరు నేర్పారు నీకు? వాట్సాప్‌లో మనవాళ్లు పంపుతున్నారే, ఆ చెత్త చదివావా? నిన్నటిదాకా పండక్కి పండక్కి ఆయన దగ్గర అక్షింతలు వేయించుకున్నవాళ్లే, ఇవాళ మాకప్పుడే అనుమానం అంటున్నారు."

"నేనేం చదవలేదు."

"నీకు ఆయనంటే ప్రేమ లేదు, అంతే."

"అనండి. ఇంకా అనండి. ప్రేమ లేకే రోజూ ఎండలో క్యారేజీ పట్టుకుని వెళ్తున్నాను. ఆయన్ని తీసుకుపోతే రేపట్నించి ఎవరికి కాయను ఈ చారు? మీకు ఎలాగూ నచ్చదు. గుండె చెరువైపోతోందండీ నాకు. మీకు కనపడదు."

"సరే, ఏడవకు. ఏడవకే. తప్పయింది. నీ కాళ్లు పట్టుకుంటా..."

"లేవండి! మోకాళ్ల నొప్పులు మీకు. లేవండి ముందు."

"అంటానని చెప్పు, లేస్తా."

"ఆయనకి గుర్తుంది."

"ఏంటి?"

"అన్నీ గుర్తున్నాయి. డాక్టరొస్తే నోరు తెరిచి గోడకేసి చూస్తాడు. డాక్టరు కారు కదలగానే చారేదమ్మా అంటాడు."

"ముసలాళ్లు... ఒకరోజు ఒకలా ఉంటారు. అదేం సాక్ష్యం కాదు."

"పోయినవారం నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. అక్కడేం జరిగిందో."

"వద్దు."

"అన్నం కలుపుతున్నాను..."

"వద్దంటే వద్దు! నాకు తెలియక్కర్లేదు. నేను వినను."

"బాగుంది. విని మోసేది నేనూ, అబద్ధం చెప్పేది నేనూ. వినకుండా హాయిగా ఉండేది మీరూనా?"

"హాయిగా ఉన్నానా? నన్ను చూస్తే హాయిగా ఉన్నట్టున్నానా? యుద్ధమే అది! పద్ధెనిమిదేళ్ల కుర్రాడు. తుపాకీ చేతికిచ్చి కాల్చమంటే ఏం చేస్తాడు? కాల్చకపోతే వాణ్ణే కాల్చేస్తారు."

"ఆయనా అదే అన్నాడు."

"చూశావా!"

"గుంట తవ్వి, అంచున నిలబెట్టారట అందర్నీ. ఈయన ముందుకి ఒక ఆడపిల్ల వచ్చింది. ఆరేళ్లుంటాయట. అడక్కుండానే తన పేరు చెప్పిందట. బళ్లో టీచరుకి చెప్పినట్టు, చేతులు కట్టుకుని."

"చాలు."

"పేరు చెప్తే ఇంటికి పంపేస్తారనుకుందేమో."

"చాలన్నానా!"

"పంపలేదు ఈయన."

"వసూ... ఏడ్చుంటాడు. చెప్తూ ఏడ్చాడు కదూ? చెప్పు, ఏడ్చాడు కదూ?"

"లేదండీ. చారులో ఉప్పు తగ్గిందన్నాడు. ఏమండీ, కూర్చోండి. ఆ కుర్చీ లాక్కోండి. మంచినీళ్లు ఇవ్వనా?"

"వద్దు. అయినా... అయినా కూడా వసూ, ఆ కుర్రాడు వేరు, ఈ తాత వేరు. మన దగ్గరున్నది ఈ తాత. మనకి చేసిందంతా అబద్ధమా? ఆ ఉయ్యాల అబద్ధమా?"

"నేనూ అదే అనుకుని సర్దిచెప్పుకునేదాన్ని. ఆయన అక్కడితో ఆపుంటే."

"ఇంకా ఏం చెప్పాడు?"

"అమ్మాయి బారసాల గుర్తుందా మీకు?"

"ఇప్పుడు దాని సంగతెందుకు?"

"గుర్తుందా?"

"ఎందుకు లేదు! మనవాళ్లెవరికీ వీసాలు రాలేదు. పెద్దదిక్కు లేకుండా ఇదేం బారసాలని నువ్వు మంచమెక్కి కూర్చున్నావు. నేనే వెళ్లి తాతని లాక్కొచ్చా. పీట వేసి కూర్చోబెట్టాం. పళ్లెంలో బియ్యం పోసి, ముందు నేను రుచిత అని రాశా. తర్వాత ఉంగరం ఆయన చేతికిచ్చి, ఇంటిపెద్ద కూడా ఒక ముద్దుపేరు రాయాలి తాతా, మా పద్ధతి అన్నా."

"ఊఁ."

"ఎంతసేపు ఆలోచించాడని! నాకెందుకు ఈ గౌరవం, వద్దు వద్దన్నాడు. మనమే బతిమాలాం. రాస్తుంటే సగం బియ్యం చాప మీద పడ్డాయి. చివరికి వాళ్ల అక్షరాల్లో రాసి, పైకి చదివాడు. మన పేరులాగే ఉందే అని నువ్వు ఎంత మురిసిపోయావు..."

"ఏమని చదివాడు?"

"నీకు తెలీదా? రోజా అని."

"చెవిలో మూడుసార్లు చెప్పించాం. పాపని మీరే ఎత్తుకున్నారు."

"ఎత్తుకున్నా. అయితే?"

"గుంట దగ్గర ఆ పిల్ల చెప్పిన పేరేంటో మీకు నేనింకా చెప్పలేదు. చెప్పనా?"

"వద్దు."

"మా పిల్లకి ఆ పేరెందుకు పెట్టావు తాతా అని అడిగాను. ఆ పేరొక్కటీ నా దగ్గర ఉండిపోయిందమ్మా, ఎక్కడన్నా దించుకోవాలనిపించేది, మీరు బియ్యం నా ముందు పెట్టారు అన్నాడు."

"కాదు. కాదు వసూ. వాళ్ల దేశంలో వీధికి పదిమందికి ఉంటుంది ఆ పేరు. ముసలాయన, ఏదో కలగలిపేసి... ఆ పిల్లనీ మన పిల్లనీ కలిపేసి..."

"నేనూ అలాగే అనుకుందామని చూశాను. నాలుగు రోజులు చూశాను."

"ఇరవై ఎనిమిదేళ్లు... భగవంతుడా. అన్నం తిందువు రా అని, లే లే బస్సొచ్చేస్తుందని... పొద్దున్న ఫోన్లో కూడా... వసూ, బెల్లు! ఆఫీసరొచ్చేసింది!"

"కాదు. అమ్మాయి కారు. కిటికీలోంచి కనపడుతోంది."

"అమ్మా! నాన్నా! ఓపెన్ ద డోర్, చేతుల్లో బ్యాగ్స్ ఉన్నాయ్! తాతకి కేక్ తెచ్చా, హి లవ్స్ దిస్ వన్!"

"ఇప్పుడెలా? వసూ, ఇప్పుడెలా? ఆవిడొచ్చి అడిగితే ఏం చెప్తావు?"

"మీరు చెప్పమన్నదే చెప్తాను. ఆయనకేం గుర్తులేదండీ అంటాను, మీరన్నట్టే, ఇంకొక్క మాట కలపను. ముందు మీరు వెళ్లి తలుపు తీసి, రోజూ పిలిచినట్టే మీ కూతుర్ని పేరు పెట్టి ఒక్కసారి పిలవండి."