శ్రీరామ్మూర్తి బావ పాము రాయి

ఓలమ్మ, ఆ రాయి మీద తడిబట్ట ఆరెయ్యకే నీలిమా! తియ్యి ముందు. తిట్టలేదే గుంటా, మొన్నే కదా పైవాటాలోకి దిగినావు, నీకేటి తెలుసు. ఇలా వచ్చి కూకో. సెయ్యెట్టి సూడు. పొలుసులు పొలుసులుగా లేదూ? ఏటనుకుంటన్నావు? ఆఁ, పామే అంటావు. అందరూ అలాగే అన్నారు. శ్రీరామ్మూర్తి బావయితే ఏళ్ళ తరబడి అదే అనుకున్నాడు, పాపం.

బావంటే సుట్టం కాదే. ఆళ్ళు రైతులు, మేం సర్చికెళ్ళేవోళ్ళం. స్టీల్ ప్లాంటులో బొగ్గు బెల్టు కాడ ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఓడల్లో వచ్చిన బొగ్గు బెల్టు మీద పోతంటే అందులో రాళ్ళు ఏరి పారెయ్యాల, అదీ మా పని. మనిషి బంగారం, గాని నవ్వు మొహం కాదు. ఎందుకంటే, కూర్మన్నపాలెంలో ఇంటికి పునాది తవ్వుతంటే నాగుపాము లేచింది. భయంతో పారతో కొట్టి సంపీసినాడు. ఆ తర్వాత గంగాలమ్మకి, అదే ఆడి పెళ్ళానికి, రెండు కాన్పులూ దక్కలేదు. పుట్టినట్టే పుట్టి పోనారిద్దరూ. "పాము ఉసురు తగిలింది జోజి బావా, నా పిల్లల్ని నా సేతులే తినీసినాయి" అనీవోడు. "ప్రభువు సూసుకుంటాడ్లే" అంటే, "మీ ప్రభువుకీ పాముకీ ముందే పడదు కదేటి" అనీవోడు.

అలాటోడికి ఒకరోజు ఈ రాయి కనబడింది. సన్నికల్లంత రాయి, ఒళ్ళంతా పొలుసులతో బొగ్గులో పడుకుని వస్తంది. బెల్టు పక్కన తాడొకటుంటాది. ఎవడి సెయ్యో ఇరుక్కుంటేనే లాగాల, లాగితే మొత్తం ఆగిపోద్ది. బావ లాగీసినాడు! ఇంజినీరు గారు లగెత్తుకొచ్చి "ఎవడి సెయ్యి పోయిందిరా?" అని అరుస్తంటే, మావోడు రాయిని సంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు. "నాగమ్మ తల్లి బాబూ! నా కోసం సముద్రం దాటి వచ్చింది" అన్నాడు. ఇంజినీరు గారు తల కొట్టుకుని "పట్టుకుపోరా నాయనా, ముందు బెల్టు కదలనీ" అన్నాడు. ఇంకేటి, ఇంటికి తెచ్చి పసుపు, కుంకం, నాగులసవితికి పాలు. ఆ మరుసటేడు కీర్తన పుట్టింది. దక్కింది. మావోడికి నవ్వడం వచ్చింది.

ఆ కీర్తన కాలేజీకెళ్ళాక, అక్కడ రాళ్ళ సదువు సెప్పీ మేడమొకావిడ ఆళ్ళింటికొచ్చింది. నానూ అక్కడే ఉన్నాను. రాయిని సూసి, సెప్పులిప్పి నేల మీద కూకుండిపోయింది. టార్చీ అడ్డంగా ఎట్టి, "పాము పొలుసులయితే ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయండీ. ఇక్కడ దేని గడి దానిదే. గడి మధ్యలో చుక్క చూశారా? ఆకుకి నీళ్ళు వెళ్ళిన దారది. ఇది రాయిగా మారిపోయిన చెట్టు బెరడు. ఆకు రాలిన ప్రతిచోటా మచ్చ మిగిలింది. భూమ్మీద పామన్నదే లేనప్పుడు పెరిగిన చెట్టండి" అంది. పామే లేని లోకమేటే! మా బైబిల్లో మొదటి పేజీల్లోనే వచ్చీస్తాది పాము. దానికన్నా ముందే ఇది ఆకులు రాల్చుకుంటా నిలబడిందంట!

బావ మొహం మాత్రం పాలిపోయింది. "అయితే మరి నన్ను మన్నించిందెవులమ్మా?" అన్నాడు. మేడం టార్చీ ఆర్పీసింది. ఆడు ఆ మచ్చలు ఒక్కోటీ తడుముతా, "రాలిపోయిన ఆకు సోటు కూడా దాసుకుందా అమ్మా, ఇన్నాళ్ళూ?" అన్నాడు. "ఒక్కటీ వదల్లేదండీ" అంది. అంతే, గంగాలమ్మ సెయ్యట్టుకుని ఇదిగో, ఈ అంచునున్న రెండు మచ్చల మీద ఎట్టినాడు. "ఇవి మనోళ్ళే" అన్నాడు. గంగాలమ్మ గొల్లుమంది. నాకూ ఏడుపాగలేదు. మర్నాటి నించి పాలు మానీసినాడు. "సెట్టుకి పాలేటి బావా, నీళ్ళు కదా పొయ్యాల" అని రోజూ సెంబుడు నీళ్ళు.

ఆడు పోయాక గంగాలమ్మ అచ్యుతాపురం, కూతురి కాడికి ఎల్లిపోతా దీన్ని నాకప్పగించింది. సర్చికెళ్ళేవోడికి రాయికి నీళ్ళేటని మావోళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నాను పూజ సేత్తన్నానా ఏటి? సెట్టుకి నీళ్ళు పోత్తన్నాను. వంగి సూడు, ఆ రెండింటి పక్కన మూడోది. మధ్యలో సుక్క అరిగిపోనాది కదా? నా ఏలు పడీపడీ అరిగింది. అది బావది. ఆడు పోయాక నానే ఆడికని ఎంచి...

ఓలమ్మ, పైన ట్యాంకు పొర్లిపోతంది కదే! మోటారు కట్టెయ్యి, ఎల్లు.