మూడో కొండ మీద అరగంట

అక్క పోయాక బావ మొదటిసారి కొండలెక్కుదామన్నాడని బావమరిది సంబరంగా వచ్చాడు. వంటగది బల్ల మీద మ్యాపు, పక్కన బావ నడక వేళలు రాసిన కాగితం పరిచి గంట గడిచేసరికి, అతనికి తల ప్రాణం తోకకి వచ్చింది.

“నాలుగు కొండలు బావా, ఇరవై రెండు కిలోమీటర్లు. గంటకోసారి పది నిమిషాలు కూర్చుంటే ఎలా?”

“కూర్చోవాలి.”

“మూడో కొండ మీద అరగంట దేనికి? అక్కడ నీళ్లూ లేవు, నీడా లేదు.”

“ఆగాలి.”

“నీతో వాదించేకన్నా కొండెక్కడమే నయం. లెక్కల మాస్టారివి, నువ్వే కూడి చూడు. ఆరింటికి బయల్దేరితే దిగేసరికి రాత్రి ఏడున్నర. ఆ చీకట్లో, ఆ రాళ్లలో కాళ్లు విరగ్గొట్టుకుందామా?”

బావ పెన్సిలు చెక్కసాగాడు.

“నీ మోకాళ్లకేం, బాగానే ఉన్నాయిగా?”

“నావి బాగానే ఉన్నాయి.”

బావమరిది కాగితం మళ్లీ చూశాడు. మోకాలికి పట్టీ కట్టుకుని, గంట నడిచి పది నిమిషాలు కూర్చునేది అక్క. పోయినేడు మూడో కొండ మీదే అరగంట కూర్చుని, “ఇక నావల్ల కాదు, మిగతాది వచ్చే ఏడు” అని బావని వెనక్కి తిప్పింది.

“అలవాటుగా రాసేశాను. చెరిపేస్తాలే,” అంటూ బావ రబ్బరు కోసం తడుముకున్నాడు.

రబ్బరు అప్పటికే బావమరిది గుప్పిట్లో ఉంది.

“నీ మొండితనం తగలెయ్య. ఆ కాగితం జోలికెళ్లకు. ఆరింటికి కాదు, నాలుగింటికే బయల్దేరదాం. మొదటి కొండకి బండి దారి ఉందిగా, టార్చి నేను తెస్తాను.”