రోడ్డు దాటే పిల్లలు

1994 జూన్‌లో ఒక పొద్దున, తార్నాక చౌరస్తాలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి నిలబడి బండ్లు లెక్కపెడుతున్నాడు. పక్కనే ఒకామె జామకాయలు అమ్ముతోంది.

"గా కాయితంల ఏం రాస్తున్నవ్ తమ్మీ?"

"మీ బస్తీ దిక్కు కొత్త స్కూల్ కడతరట అక్కా. కడితే ట్రాఫిక్ ఎంత పెరుగుతదో మా యూనివర్సిటోళ్లను రిపోర్టు అడిగిన్రు."

"పెరుగుతదా మరి?"

"మస్తు పెరుగుతది. వద్దనే రాయాల్సొస్తది."

"అట్ల రాయకు తమ్మీ. మా బిడ్డ అమల రోజూ ఈ రోడ్డు దాటి, బస్సుల ఏలాడుకుంట నల్లకుంట బడికి పోతది. ఇంటికొచ్చేదాంక నా పానం పానంల ఉండదు."

"అబద్ధం రాయలేను కదక్కా."

"అబద్ధమెందుకు? బండ్లను లెక్కపెడుతున్నవ్. రోడ్డు దాటే పిల్లలను లెక్కపెట్టినవా?"

అతను రాస్తున్న కాయితం కిందికి దించాడు.

"లేదక్కా. మీ బస్తీకెల్లి ఎంతమంది దాటుతరు?"

"నలభై మంది దాంక ఉంటరు."

"స్కూల్ గీడనే ఉంటే వాళ్లకు దాటే పని లేదు. రేపు పొద్దున వచ్చి ఒక్కొక్కల్ని లెక్కపెడతా."

"నువ్వు రాస్తే బడి వస్తదా?"

"అది నా చేతుల లేదక్కా. పిల్లల లెక్క మాత్రం మొదటి పేజీల పెడతా."