ఏ వైపు రక్తం

బర్మాలోని యాంగోన్‌లో సైనిక తిరుగుబాటు జరిగి, ఫోన్లు మూగబోయిన రోజులు. ఊరేగింపులో తలకు లాఠీ దెబ్బ తగిలి మాట పడిపోయిన మనవణ్ణి దగ్గరని అహ్లోన్ పేటలోని తెలుగు నాయనమ్మ ఇంటికే చేర్చారు. అతని మంచం పక్కన ఆమె, మనవరాలు కూర్చున్నారు.

"పొద్దున్న నన్ను మామ్మా అన్నాడే. డాక్టరమ్మ ఏటంది?"

"ఇంత తొందరగా మాటొస్తుందనుకోలేదంది. దెబ్బ ఒకటే అయినా అందరి మెదడూ ఒకేలా బాగుపడదట. పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడా కూడా కొంత కారణం కావచ్చంట."

"కావచ్చేటి? రేవులో బియ్యం బస్తా పడి మా నాన్నకి మతి తప్పితే, ఆ యేడే మళ్ళీ బస్తాలెత్తాడు. ఇది మా రకతం."

"సగం అమ్మ వైపుది, మామ్మా. ఏది ఎటునుంచొచ్చిందో ఎవరికీ తెలీదు."

"ఆ బర్మా దాని వైపా?"

"ఎనభై ఎనిమిదిలో సర్కారు మీద జరిగిన గొడవల్లో అమ్మ వాళ్ళ నాన్నకీ తల మీదే కొట్టారు. మాట పోయినాయన మళ్ళీ బళ్ళో పాఠాలు చెప్పాడు."

"నాకెవరూ సెప్పలేదే."

"పెళ్ళైన కాణ్ణించీ అమ్మని గడప తొక్కనిచ్చావా? ఏటవతల లైంగ్‌థార్యార్ నుంచి నడిచొచ్చి, ఇప్పుడూ మెట్ల మీదే కూర్చుంది."

"సిపాయిలు తిరుగుతుంటే మెట్ల మీదేటి? లోపలికి రమ్మను. వాడి తలవైపు పీటెయ్యి. ఆ పెద్దాయన కత మొత్తం సెప్పమను. రెండు వైపులా గట్టోళ్ళేనని పక్కింటోళ్ళకి నేను సెప్పుకోవాలి."