పేరు దగ్గర ఆగాలి

కంచిలి దగ్గర ఒక ఊరి చర్చి. మైకు గదిలో ఇద్దరే ఉన్నారు: ఊళ్లో ఎవరు పోయినా హారన్‌లో చెప్పే ఫిలిప్పు, విశాఖలో ఒక క్రైస్తవ కాలేజీలో ప్రసంగం, రేడియో ప్రసారం చదువుతూ సెలవులకు వచ్చిన అతని కూతురు దీవెన.

"ఒక్కపాలి చెప్పు నాన్నా. అర నిమిషం పని."

"సావు లేకుండా సావు కబురు సెప్పకూడదే. మీ తాత సెప్పనేదు, నేనూ సెప్పను."

"నిజంగా కాదు కదా. ఎవరి ఊరి గొంతు వాళ్లు ఫోన్లో పట్టి తెమ్మన్నారు మా మేడం. ఇవ్వకపోతే ప్రాక్టికల్స్ పోతాయి."

"పెళ్లి కబురు సెప్తాను, పట్టుకెల్లు."

"పెళ్లి కబురు నువ్వెప్పుడు చెప్పావు? చిన్నప్పట్నుంచీ ఆ హారన్‌లో నేను విన్నవన్నీ చావులే. హాస్టల్లో నిద్రపోయినా అవే వినిపిస్తన్నాయి. లేచి కూచుంటే పక్కమంచం ఐశ్వర్య హడలిపోతంది."

"ఎవుల పేరు ఇనిపిత్తాది?"

"పేరు కాడికి వచ్చేసరికి మెలకువొచ్చేస్తాది."

"ఊఁ."

"ఏటి, ఊఁ?"

"ఏటీ నేదు. నిన్న వార్తలు సదివి ఇనిపించినావు కదా, అదే ఇచ్చీ. మీ అమ్మయితే, ఇది మన గుంట గొంతేనా అని నీ మొకమే సూసింది."

"అది కాలేజీ గొంతు. మాట మార్చకు. ఏదో ఒక పేరు పెట్టి చెప్పీ."

"ఏ పేరు ఎట్టమంటావు? ఇమ్మానుయేలు మాస్టారు, మగ్దలీనమ్మ, అవతల ఈది జోగారావు... అందరికీ ఆ కిడ్నీల జబ్బే. అందర్నీ ఈ నోటితోనే సెప్పినాను. బతికున్నోల్ల పేరు ఎడితే ఊరుకుంటారేటి?"

"లేనివాళ్ల పేరు పెట్టు. ఢిల్లీశ్వరరావు."

"తోట అవతల ఉన్నాడొకడు. కర్రట్టుకొత్తాడు."

"నవ్వించకు నాన్నా. నా చదువు పోతాదంటే నీకు ఆటగా ఉంది."

"మీ అమ్మ ఏ తోటకెల్లింది?"

"మన తోటకే, జీడిపిక్కలు ఏరడానికి. ఎందుకు?"

"ఊరికే. సరే, ఇలా జరుగు. నేను మైకు బల్ల కాడ కూకుంతాను. నా పేరే ఎట్టుకుంతాను."

"నీ పేరా? వద్దు."

"మరో పేరు మీద నాకు హక్కేటున్నాది? ఆ సెవులకి ఏటి తగిలించినావు?"

"నీ గొంతు ఎలా పడతందో వినొద్దా? ఇవి పెట్టుకుంటే బయటి చప్పుడు రాదు. ఫోనుకి జానెడు దూరంలో ఉండు. ఇంకోటి, పేరు తర్వాత బాగా ఆగుతావు నువ్వు. మాట లేకుండా ఖాళీ వదలకూడదంటారు మా మేడం."

"ఆగాలమ్మా. తోటల్లో ఉన్నోల్లు సేతిలో కత్తి కింద ఎట్టాలి కదా. మల్లీ సెప్తే ఇనే ఓపిక ఆల్లకుండదు."

"సరే, నీ ఇష్టం. మొదలెట్టు."

"సంఘ సభ్యులకి, ఊరి పెద్దలకి మనవి. మన చర్చి మైకు ఫిలిప్పు..."

"..."

"..."

"నాన్నా, ఆగింది చాలు ఇంక. తర్వాత మాట చెప్పు. ప్రభువునందు నిద్రించాడని... నాన్నా? ఉండు, ఇవి తియ్యనీ. ఆ కుక్కలేటి అలా అరుస్తన్నాయి? ఆ ఎర్రలైటేటి? మైకు వేసుంది నాన్నా. హారన్‌లోకి ఎల్లిపోయింది."

"ఎల్లనీ."

"కిటికీలోంచి చూడు, అమ్మ. తట్ట గట్టు మీద పడేసి వచ్చేస్తంది. కాలికి చెప్పుల్లేవు. స్విచ్చి తీసీ. కాదు, ముందు చెప్పు, పొరపాటని చెప్పు. నువ్వు బాగానే ఉన్నావని చెప్పు నాన్నా."

"ఆ స్విచ్చి నేనే ఏసినాను, దీవెనా. మొన్న పలాసలో డాక్టరు నాకూ ఆ కిడ్నీలేనని సెప్పినకాడ్నించి మీ అమ్మ ముందల నాకు నోరు రాలేదు. నా పేరు నా గొంతుతోనే ఇన్నాది కదా, బతికున్నానని తెలుత్తాది. ఎందుకు సెప్పినానో ఈ ఊళ్లో ఎవులికీ ఇడమరిసి సెప్పక్కర్నేదు."