నారాయణగూడను ఆపిన పాట

తెలంగాణ ఎప్పుడొస్తదని చాయ్ బండ్ల కాడ రోజూ వాదులాడుకునే రోజులవి. అశోక్ నగర్‌ల రాజేశం చాయ్ బండి కాడ, బల్ల మీద భాగ్యశ్రీ కూసోని ఉన్నది. ఒళ్లె గ్రూప్ టూ పరీక్ష పుస్తకం. హాస్టల్ డాబా మీద పాఠాలు బాణీ కట్టి పాడుకుంట బట్టీ పట్టుడు ఆమెకు అలవాటు. దోస్తు ఒకామె దాన్ని ఫోన్ల రికార్డు చేసి రాక్ బ్యాండోళ్లకు పంపింది. గొంతు నచ్చి, మా ఆల్బమ్‌ల పాడుమని వాళ్లు కబురు చేసిన్రు. డ్రమ్స్ కొట్టే అన్న చాయ్ బండి కాడికొచ్చి తోల్కపోతడన్నరు. నారాయణగూడల స్టూడియో ఒంటిగంట దాకనే దొరికింది, అది దాటితే ఇంకొకామెను చూసుకుంటరట. మైకు ముందు నిలబడుడు ఇదే మొదలు. గొంతు లేస్తదో లేదోనని పొద్దుగాల నుంచి ఒకటే పరేషాన్.

అంతల నాగేందర్ వచ్చిండు, చేతుల డ్రమ్ము పుల్లలు తిప్పుకుంట. భాగ్యశ్రీ లేవబోయింది. కానీ ఒళ్లె పుస్తకమున్న పిల్లలు అశోక్ నగర్‌ల గల్లీకి వందమంది. ఆయన ఆమె దిక్కు చూడనన్న చూడలే. ఆల్బమ్ ఎందాక వచ్చిందని రాజేశం అడిగిండో లేదో, అందుకున్నడు.

"ఏమడుగుతవ్ రాజేశమన్నా, కొత్త సింగర్ దొరికింది, భాగ్యశ్రీ అని. పాపం జర భయపడుతుంటే నేనే డ్రమ్ము మీద మెల్లగ తాళమిచ్చి, పాడు చెల్లె అన్న. పాడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మైకు వేడెక్కింది! ముట్టుకుంటే సుర్రుమన్నది."

తన పేరు వినంగనే భాగ్యశ్రీ మళ్ల కూసున్నది. తను ఎట్ల పాడిందో తెలుసుకోవాలె కద.

చరణం ఎత్తుకునేసరికి కరెంటు లేకున్నా పంఖా తిరిగిందట. చుట్టుపక్కల ఇండ్లల్ల కుక్కర్లన్నీ శ్రుతి కలిపి కూత పెట్టినయట. అన్నం ఉడికిందా మరి అని అడిగిండు, పక్కన చాయ్ తాగుతున్న క్రాంతికుమార్, మూడేండ్ల సంది పరీక్షలు రాస్తున్నోడు. నాగేందర్ ఇనిపించుకోలే.

"ఇంక పైకి పోయింది చూడు, నారాయణగూడ చౌరస్తల బస్సులు ఎక్కడియక్కడ ఆగినయి. నల్లకుంట నుంచి కూరగాయలోళ్లు తరాజులు పట్టుకోనే ఉరికొచ్చిన్రు. బషీర్‌బాగ్ మీద పోతున్న మబ్బు ఎనుకకు మళ్లి, స్టూడియో మీద నిలబడి, పాటయ్యేదాక వానను ఆపుకున్నది. అయినంక కురిసింది, అది సుత తాళంలనే."

"నువ్వేం చేసినవ్ మరి?" అన్నడు క్రాంతికుమార్.

"నేను డ్రమ్ము మీద ఒక్క దెబ్బ కొట్టి ఆ పాటను కిందికి దించిన. లేకుంటే ఆకాశానికి చిల్లు పడుతుండె."

భాగ్యశ్రీకి నవ్వు ఆగుతలేదు. మబ్బునే ఎనుకకు మళ్లేసినదానికి మైకొక లెక్కనా అనిపించింది. పొద్దుగాల నుంచి పట్టిన గుబులు ఎటు పోయిందో పోయింది. గడియారం చూసుకున్నది, ఒంటిగంటకు అరగంటే ఉన్నది. పుస్తకం సంచిల పెట్టి లేచి ఆయన ముందుకొచ్చింది.

"అన్నా, ఆ భాగ్యశ్రీని నేనే. ఇంకా పాడలే. మీరొచ్చి తోల్కపోతరంటే ఎదురుచూస్తున్న."

రాజేశం పగలబడి నవ్విండు. నాగేందర్ చాయ్ సగంల ఇడిచి, తల దించుకోని బైకు తీసిండు. ఎనుక కూసున్న భాగ్యశ్రీ గొంతు సవరించుకోని గట్టిగనే రాగమెత్తుకున్నది. స్టూడియో దాక నాగేందర్ హారన్ మీద మెల్లగ తాళమిచ్చుకుంట పోయిండు.